మూడు వోల్టుల బిళ్ళ

కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తనంతట తానే ఆన్ కావాలని సెట్ చేస్తాం. రెండ్రోజులకి చూస్తే అది మళ్ళీ మొదటికొచ్చి ఉంటుంది. పొద్దున్న ఎనిమిదింటికి మేలుకోమని పెట్టిన టైమూ ఎగిరిపోయి ఉంటుంది. విశాఖలోని కంచరపాలెం లాంటి చోట జిరాక్సు షాపుల్లో, ఆన్‌లైన్ సెంటర్లలో, పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లల ఇళ్ళల్లో పాత సిస్టమ్‌లు ఇంకా అన్నం పెడుతూనే ఉంటాయి గనక ఈ బాధ కొత్తదేమీ కాదు. వైరస్ అనుకుని విండోస్ మళ్ళీ వేయిస్తారు. డబ్బు పోతుంది, ఒక్కోసారి పెళ్ళి ఫోటోలూ పోతాయి, జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. చాలాసార్లు అది విండోస్‌లో ఉండదు, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీలో ఉంటుంది.

1981లో వచ్చిన ఐబీఎం తొలి పీసీకి ఈ బిళ్ళ లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ ఇవాళ తేదీ ఎంత, టైమెంత అని మనిషినే అడిగేది. మెమరీ ఎంతుందో, ఫ్లాపీ డ్రైవులెన్నో బోర్డు మీది బుల్లి స్విచ్చులు అటూ ఇటూ జరిపి చెప్పాల్సి వచ్చేది. 1984 ఆగస్టులో వచ్చిన పీసీ ఏటీతో ఆ తిప్పలు తప్పాయి. అందులో మోటరోలా 146818 అనే చిప్పు పెట్టారు. దాని మెమరీ మొత్తం 64 బైట్లు. గడియారానికి 14 పోగా సెట్టింగులకు మిగిలింది 50. ఇవాళ మన ఫోన్లు తెలుగు రాసే లెక్కన కంచరపాలెం అన్న ఒక్క పేరే 27 బైట్లు తినేస్తుంది. అంత ఇరుకు చోటులో ఒక యంత్రం తనను తాను గుర్తుపెట్టుకోవడం నాకెప్పుడూ అబ్బురమే.

ఆ చిప్పు సీమాస్ పద్ధతిలో తయారైంది. 1963లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో ఫ్రాంక్ వాన్లస్ కనిపెట్టిన పద్ధతి అది. ఊరికే ఉన్నంతసేపు దాదాపు కరెంటే అడగదు, అందుకే చిన్న బ్యాటరీతో ఏళ్ళు నెట్టుకొస్తుంది. పక్కనే ఒక క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంటుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. సెకను లెక్క అలా పుడుతుంది. కానీ ఈ మెమరీకి కరెంటు ఒక్క క్షణం ఆగినా అంతా తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు యంత్రం ఫ్యాక్టరీలో నేర్పిన పాఠానికే తిరిగిపోతుంది.

386, 486 ప్రాసెసర్ల కాలంలో చాలా బోర్డుల మీద నికెల్-కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. వాటి రసం కారి రాగి గీతల్ని తినేసేది, బోర్డులే పాడయ్యేవి. తర్వాత లిథియం బిళ్ళ స్థిరపడింది, సీఆర్2032. ఆ అంకెలు దాని కొలతలే: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. లోపల ఒక పక్క లిథియం, మరో పక్క మాంగనీసు డయాక్సైడ్. మాంగనీసు ఉత్తరాంధ్రకు బాగా తెలిసిన ఖనిజం. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల 1890ల నుంచి తవ్వుతున్నారు. 1933లో తెరుచుకున్న విశాఖ రేవు కట్టడానికి ఒక ముఖ్య కారణం కూడా మాంగనీసు ఎగుమతే. ఆ ఖనిజం ఎక్కువగా ఉక్కు తయారీకే పోయింది. బిళ్ళలో వాడేది బాగా శుద్ధి చేసిన రకం, మూలకం మాత్రం అదే.

కొత్త బిళ్ళలో సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటల సరుకు ఉంటుంది. గడియారం 5 మైక్రో ఆంపియర్లు లాగుతుందనుకుంటే 44,000 గంటలు, అంటే అయిదేళ్ళు. అయితే ఇక్కడో మెలిక ఉంది. 1995లో వచ్చిన ఏటీఎక్స్ పవర్ సప్లైతో, సిస్టమ్ ఆపినా గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే లోపల 5 వోల్టులు సన్నగా పారుతూనే ఉంటాయి. సాధారణంగా గడియారపు బరువు వాటి మీదే పడుతుంది, బిళ్ళ సెలవులో ఉంటుంది. మనం రాత్రి షాపు కట్టేస్తూ గోడ స్విచ్ ఆపేస్తాం, కాబట్టి ఆ బరువు బిళ్ళ మీదికొస్తుంది. దానికి తోడు మన వేడి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అన్ని రోజులూ ఇక్కడి డెస్క్‌టాపుల్లో టైమును కాపాడింది ఈ బిళ్ళలే. గోడ స్విచ్ ఆపే అలవాటు తప్పని నేననను, పిడుగుల కాలంలో ప్లగ్గే పీకేయాలి. బిళ్ళ మాత్రం నాలుగైదేళ్ళకొకసారి మార్చాలి. దాని వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, ముందస్తు హెచ్చరిక ఆశించకూడదు.

జబ్బు గుర్తుపట్టడానికి తేదీ చూడండి. సెట్టింగులతో పాటు తేదీ కూడా ఏళ్ళు వెనక్కి పోయిందా? బిళ్ళనే అనుమానించాలి. ఆన్‌లైన్ సెంటరులో ఇది ఇంకో రూపంలో బయటపడుతుంది: తేదీ తప్పు కావడంతో బ్రౌజరు సైట్లను నమ్మదు, హాల్ టికెట్ పేజీ తెరుచుకోదు. కొత్త బోర్డులు చాలావరకు సెట్టింగుల్ని ఫ్లాష్ మెమరీలో దాస్తాయి, అక్కడ బిళ్ళ పోతే టైము ఒక్కటే చెడవచ్చు.

తేదీ సరిగ్గా ఉండి, విండోస్‌లో పెట్టిన స్లీప్ టైము మాత్రమే మారిపోతుంటే బిళ్ళ జోలికి పోనక్కర్లేదు. ల్యాప్‌టాప్ కంపెనీ వేసిన పవర్ మేనేజర్ ప్రోగ్రాము తన ఇష్టం రుద్దుతుండవచ్చు. పెద్ద అప్‌డేట్ పాత పవర్ ప్లాన్‌ను తీసి కొత్తది పెట్టి ఉండవచ్చు. ఆఫీసు సిస్టమ్ అయితే అడ్మిన్ పెట్టిన పాలసీ మన మాటను కొట్టేస్తుంది. కొన్ని కాలేజీ ల్యాబుల్లో రీస్టార్ట్ చేయగానే అన్నీ పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ కావాలనే వేస్తారు. కమాండ్ విండోలో పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశంతో ఇప్పుడు ఏ ప్లాన్ నడుస్తోందో చూడవచ్చు. రెండు రోజులు వరసగా చూస్తే ప్లానే మారుతోందా, అదే ప్లాన్‌లో అంకెలు మారుతున్నాయా అన్నది తేలిపోతుంది.

డెస్క్‌టాప్‌లో బిళ్ళ మార్చడం కష్టమేమీ కాదు. ప్లగ్గు తీసి, క్లిప్పు నొక్కితే పాతది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది కూర్చోబెట్టి, బయోస్ అనే బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్ళి టైమూ పవర్ సెట్టింగులూ మళ్ళీ పెట్టాలి. తీసిన బిళ్ళను బల్ల మీద వదిలేయకండి. పసిపిల్లలు మింగితే అది గొంతు దిగువన ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. కంప్యూటర్‌కు చాలని బిళ్ళలో కూడా అంత శక్తి మిగిలి ఉంటుంది. రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని డబ్బాలో వేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.