ఈసుడు రోగపు క్రిమి – దాని చక్కెర పూత

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు మమ్మల్ని తరచు అడిగే మాట ఇది: "ఆవు నిగనిగలాడుతోంది, మేత మేస్తోంది, జ్వరం లేదు. అయినా ఏడో నెలలో ఈసుకుపోయింది. రోగమైతే ముందుగా తెలియవద్దా?" జవాబు క్రిమి ఒంటిమీది పూతలో ఉంది.

కొన్ని సూక్ష్మక్రిముల పైపొరలో కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం ఒకటి ఉంటుంది. దీనిని లైపోపాలిశాకరైడ్ అంటారు. కొవ్వు భాగం పొరలో నాటుకొని ఉండగా చక్కెర గొలుసులు వెంట్రుకలవలె బయటికి వస్తాయి. పేడలోని ఇ.కోలి క్రిమి పొదుగులో చేరితే దాని కొవ్వు భాగాన్ని పశువు శరీరం వెంటనే పసిగడుతుంది. ఇక జ్వరం, నీళ్లవంటి పాలు. ముదిరితే పశువు ఒక్కపూటలో కూలబడుతుంది. ఈసుడు రోగం తెచ్చే బ్రూసెల్లా క్రిమిలో ఈ కొవ్వు నిర్మాణం వేరు. శరీరం దానిని దొంగగా గుర్తించేసరికి ఆలస్యమవుతుంది. ఈలోగా అది కణాలలో దాగి, చూడి పశువు మాయలో పెరుగుతుంది.

చక్కెర గొలుసు నిండుగా ఉన్న క్రిమిని నునుపు రకమనీ, లేనిదానిని గరుకు రకమనీ అంటారు. ఆవుల బ్రూసెల్లా గొలుసు పోగొట్టుకుంటే చాలావరకు బలహీనపడుతుంది. పొట్టేళ్లకు, కుక్కలకు వచ్చే రకాలు మాత్రం సహజంగా గరుకువే అయినా రోగం తెస్తాయి.

మన పెయ్యలకు వేసే ఎస్-19 టీకా కథ పాడివారు వినదగ్గది. 1923లో బక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక జెర్సీ ఆవు పాలనుండి ఈ క్రిమిని వేరుచేశాడు. ఏడాదికి పైగా గది వేడిమిలో ఉండిపోయి దాని ఉగ్రత తగ్గింది. కాని చక్కెర గొలుసు పోలేదు. చిక్కంతా అక్కడే. రోజ్ బెంగాల్ రక్తపరీక్షగాని, మీగడతో నీలివలయం తేలే పాలపరీక్షగాని ముఖ్యంగా ఆ గొలుసుపై పుట్టిన ప్రతిరక్షకాలనే పట్టుకుంటాయి. అవి రోగంవల్ల వచ్చాయా, టీకావల్ల వచ్చాయా అన్నది ఈ పరీక్షలు చెప్పలేవు.

ఎదిగిన ఆవుకు టీకా వేయించి, ఆ సంగతి ఎక్కడా రాయించని సభ్యుడొకరు, పరీక్షలో రోగమని తేలేసరికి భయపడి పాడి ఆవును సగం ధరకు అమ్ముకోవడం మేము చూశాము. నిజంగా రోగమే అయివుంటే అది కొన్నవాని కొట్టంలోకి చేరేది!

అందుకే 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 4–8 నెలల ఆడదూడలకే, జీవితంలో ఒక్కసారి, ఈ టీకా వేస్తారు. ఆ ఈడులో వేస్తే చాలా పెయ్యలలో ఆ ప్రతిరక్షకాలు ఎదిగేనాటికి తగ్గిపోతాయి. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోవచ్చు. చెవిపోగు నంబరు, టీకా తేదీ పుస్తకంలో రాయించండి.

అమెరికాలో 1996 నుండి ఆర్‌బి-51 అనే గరుకు టీకా వాడుతున్నారు. పరీక్షలో తికమక లేదు. అయితే 2017లో టెక్సాస్‌లో పచ్చిపాలు తాగిన ఒకామెకు ఆ టీకా క్రిమే సోకింది. మామూలు రక్తపరీక్షలకు అది దొరకదు కూడా.

ఈసుకుపోయిన దూడను, మాయను వట్టిచేతులతో తీయకండి. సున్నం చల్లి లోతుగా పూడ్చండి. మనుషులకు సోకితే విడిచి విడిచి జ్వరం, కీళ్లనొప్పులు వస్తాయి. డాక్టరు దగ్గర పాడి ఉన్నదని తప్పక చెప్పండి. ఇంటి వాడకం పాలు కాచే తాగండి.