గుడి కదిలింది... బాట మునిగింది!

ఇంటి పునాది తవ్వుతుంటారు. రెండు మూడడుగులు దిగేసరికి, దిమ్మిస కొట్టినట్టు గట్టిపడిన గులకమట్టి పొర అడ్డం పడుతుంది. అందులో నాలుగు కుండపెంకులు. ‘ఏదో పాత మన్ను’ అనుకుని గట్టున పోసేస్తారు. ఒకప్పుడు జనం, బండ్లు నడిచిన బాట కూడా సరిగ్గా అలాగే ఉంటుందని ఎంతమందికి తెలుసు?

కోటల నడుమ ఊరు

పల్నాడు జిల్లా పటంలో రొంపిచెర్ల మీద వేలు పెట్టి చుట్టూ చూడండి. నైరుతిన వినుకొండ, తూర్పున కొండవీడు, ఉత్తరాన బెల్లంకొండ, వాయవ్యాన నాగార్జునకొండ. అన్నీ కోటలే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ నాలుగింటినీ గజపతుల నుంచి గెలుచుకున్నాడు. అంత సైన్యం, ఏనుగులు, తిండిగింజల బస్తాలు... బాటలు లేకుండా ఎలా కదులుతాయి? అంతకుముందు 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఓడ దిగిన సరుకు లోపలి ఊళ్లకు చేరాలన్నా ఎడ్ల మీదో, బండ్ల మీదో రావాల్సిందే. రాజుల పేర్లు శాసనాల్లో మిగిలాయి. వాళ్లు నడిచిన దారుల్లో చాలావాటికి గుర్తులే లేవు.

నీళ్లొచ్చేలోగా...

కట్టడం పని మొదలవుతోందని ముందే తెలిసి, తొందర తొందరగా చరిత్రను తవ్వి తీసిన ఘట్టం ఒకటి మన పల్నాట్లోనే ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆనకట్ట లేస్తే నాగార్జునకొండ లోయ మునిగిపోతుంది. అందుకే 1954 నుంచి 1960 దాకా డాక్టర్ ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయలో వందకు పైగా చోట్ల తవ్వింది. రాతియుగపు పనిముట్లు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, బౌద్ధ విహారాలు, స్నానఘట్టం, ఆ ఊరి వీధులు, సందులు... ఒక్కొక్కటే వెలుగు చూశాయి.

ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండమీదకూ అనుపుకూ చేర్చి తిరిగి నిలబెట్టారు. 1966లో కొండమీద మ్యూజియం వెలిసింది. మధ్యయుగపు కోట గోడలు ఎత్తున ఉండబట్టి అక్కడే మిగిలాయి. లాంచీ దిగి పైకెక్కినవాళ్లకు ఇప్పుడూ కనిపిస్తాయి.

మరి వీధులు? వాటిని ఎవరూ ఎత్తుకురాలేదు. ఎత్తుకు రాలేరు కూడా! గుడికి రాళ్లుంటాయి, విప్పొచ్చు. బాట అంటే రెండు చోట్లను కలిపే నేల. చోటు మారిస్తే అది బాటే కాదు. లోయలోని పుల్లారెడ్డిగూడెం జనం ఊరొదిలారు. వాళ్లు నడిచిన దారులూ నీళ్ల కిందే ఉండిపోయాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. నరసరావుపేట చుట్టుపక్కల పొలాలు పచ్చబడింది ఆ కుడికాలువ నీళ్లతోనే. మన కంచంలోని అన్నం ముద్దకు ఆ లోయ చెల్లించిన ధర ఇది.

డొంక చెప్పే కబురు

అయితే అన్ని బాటలూ మునిగిపోలేదు. ఊరి చివర డొంక చూశారా? రెండు పక్కల పొలాలకన్నా లోతుగా ఉంటుంది. ఎవరో తవ్వింది కాదు. ఏళ్ల తరబడి బండి చక్రాలు మట్టిని నలిపితే, వాన ఆ దుమ్మును కడుక్కుపోతే అలా దిగబడింది. రాతి నేల మీదైతే చక్రాలు ఒరుసుకుని జంట గాళ్లు పడతాయి. డొంక మీద తారు పోస్తే, పక్క పొలాన్ని ప్లాట్లు చేసి చదును చేస్తే ఆ గుర్తులు ఒక్కరోజులో పోతాయి. జేసీబీకి డొంకైనా దిబ్బైనా ఒకటే!

పునాదిలో అలాంటి పొర తగిలితే ఏం చేయాలి? తవ్వకం కాసేపు ఆపండి. పక్కన స్కేలో, పారో పెట్టి ఫొటో తీయండి. ఎంత లోతులో, ఏ దిక్కుకు సాగుతోందో రాసుకోండి. తహసీల్దారుకో, పురావస్తు శాఖకో కబురు పెట్టండి. నాణేలో, విలువైన వస్తువులో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టమే చెబుతోంది. బాటలో బంగారం ఉండదు. అందుకే దాన్ని ఎవరూ దొంగిలించరు... ఎవరూ కాపాడరు కూడా.

ఈ ఆదివారం ఇంట్లో తాతయ్యనో నానమ్మనో ఒక్క ప్రశ్న అడగండి. ‘బస్సులు రాకముందు నరసరావుపేట సంతకు ఏ దారిన వెళ్లేవాళ్లు?’ వాళ్లు చెప్పిన దారిని పిల్లల చేత కాగితం మీద గీయించండి. నీళ్లు రాకముందు లోయలో జరిగిన పని కూడా అదే!