మంగళవారం మొరాయించే ప్రింటర్

అమ్మాయికి తెల్లారి పరీక్ష. హాల్‌టికెట్ ప్రింటు తీయలేదన్న సంగతి రాత్రి పదిన్నరకు గుర్తొచ్చింది. వీధి చివరి జిరాక్స్ షాపు అప్పటికే మూసేశారు. ఇంట్లో ప్రింటర్ పచ్చలైటు వేసుకుని నిక్షేపంగా ఉంది. ల్యాప్‌టాప్ మాత్రం ‘ఆఫ్‌లైన్’ అంటోంది. అమ్మ తొంగిచూసి, ‘‘మంగళవారం పూట గోళ్లే తీయం, ప్రింట్లు తీస్తావురా?’’ అంది.

ఆ మాటని కొట్టిపారేయడానికి లేదు. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు 2008-09లో నిజంగానే ఇలాంటి చిక్కు వచ్చిపడింది. ఓపెన్ ఆఫీస్ మంగళవారాల్లో ప్రింటు ఇవ్వడం లేదని ఒకాయన భార్య మొత్తుకుంది. చేసి చూపించింది కూడా. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ప్రింటర్‌కి వెళ్లే ఫైలు మొదట్లో అది తయారైన తేదీ, వారం ఉంటాయి. ఫైలు ఏ రకమో పోల్చే చిన్న ప్రోగ్రాము, ఒకానొక చోట ఇంగ్లీషు మంగళవారంలోని మొదటి మూడక్షరాలు కనిపిస్తే చాలు, దాన్ని ఎర్లాంగ్ భాష ఫైలనుకునేది. ప్రింటర్‌ది ఇసుమంత తప్పు లేదు.

మన ఇళ్లలో గొడవ ఇంత విడ్డూరంగా ఉండదు. ‘ఆఫ్‌లైన్’ అంటే చాలాసార్లు ప్రింటర్ పాడైందని కాదు, ల్యాప్‌టాప్ పిలిచిన చిరునామాలో ఎవరూ పలకలేదని. ఇంట్లో ప్రతి పరికరానికీ రూటర్ ఒక నంబరు ఇస్తుంది. అది అద్దె కొంపే. కరెంటు పోయి వచ్చాక, నిన్న 192.168.1.12లో ఉన్న ప్రింటర్ ఇవాళ 17లో దిగొచ్చు. ల్యాప్‌టాప్ పాత తలుపే కొడుతూ ఉంటుంది. మనమేమో డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తాం. గంట పోతుంది.

అంతకన్నా ముందు ప్రింటర్‌తోనే దాని నెట్‌వర్క్ వివరాల కాగితం తీయించాలి. సెట్టింగుల్లో ఉంటుంది, కంప్యూటర్‌తో పని లేదు. కాగితం వచ్చిందంటే యంత్రం బాగున్నట్టే. అందులోని నంబరు 169.254తో మొదలైతే రూటర్ దానికి చోటే ఇవ్వలేదు. మామూలు నంబరే ఉంటే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో కొట్టి చూడండి. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటే దారి బాగున్నట్టు, తప్పు ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టు. తెరుచుకోకపోతే, రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా? ల్యాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్‌కో, గెస్ట్ వైఫైకో తగులుకుని ఉంటుంది. ఆఫీసు వీపీఎన్ కూడా అడ్డుపడుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా మాత్రం ఇంట్లో ప్రింటు ఆగనక్కర్లేదు. రూటర్ వెలుగుతుంటే చాలు.

కొత్త నెట్ కనెక్షన్ పెట్టించుకున్నాక మొదలైన గొడవైతే కారణం వేరు. ఇళ్లలోని చాలా ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప 5 అంతుపట్టదు. కొత్త రూటర్‌లో 2.4కి పాత పేరు, పాత పాస్‌వర్డే పెడితే ప్రింటర్ దానంతటదే అతుక్కుంటుంది. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన కుర్రాడు వెళ్లిపోకముందే ఆ పని చేయించుకోండి. తర్వాత దొరకడు.

నా కాగితంలో చివర 17 ఉంది. ల్యాప్‌టాప్ ప్రింటర్ ప్రాపర్టీస్‌లో, పోర్ట్స్ కింద, 12. మార్చాను. మళ్లీ కరెంటు పోతే ఇదే తంతు కాకూడదని, రూటర్‌లోకి వెళ్లి ప్రింటర్‌కి 17ని రిజర్వ్ చేశాను. ఇంత చేసి క్యూ సంగతి మరిచాను. కంగారులో ఎన్నిసార్లు ప్రింట్ నొక్కితే అన్నీ అక్కడే వరుసగా నిలబడి ఉంటాయి. ముందే రద్దు చేయాల్సింది. రద్దవకుండా మొండికేస్తే విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని ఆపి, దాని ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ నడపాలి.

పన్నెండూ ఏడుకి ప్రింటర్ గుర్రుమంది. ఒకటి కాదు, వరుసగా ఏడు హాల్‌టికెట్లు. అమ్మ గడియారం వంక చూసి, ‘‘బుధవారం వచ్చేసిందిగా మరి’’ అని పడుకోవడానికి వెళ్లిపోయింది.