గుడ్డు చిట్లితే తప్పెవరిది?

తణుకు, అనపర్తి చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లో తెల్లారేసరికే పని మొదలవుతుంది. దాణా వెయ్యాలి, నీళ్లు చూడాలి, గుడ్లు ఏరి ట్రేలకెత్తాలి. ట్రేలో నాలుగు గుడ్లు చిట్లాయంటే ముందు మాటపడేది కూలీయే. "చూసుకుని ఎత్తలేవా?" అంటారు. మేమడిగేది ఒకటే: ఆ గుడ్డు కూలీ చేతిలో చెడిందా, కోడి కడుపులో ఉండగానే చెడిందా?

పెంకు దాదాపు అంతా సున్నమే. ఒక్కో పెంకులో 2 గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అది మేతలోంచే రావాలి. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100, 110 గ్రాముల దాణా తింటుంది. అందులో 4 గ్రాముల దాకా కాల్షియం ఉండాలి. మొక్కజొన్నలో, నూకల్లో, తవుడులో అది బహు తక్కువ. గుల్లో, సున్నపురాతి నలుసో విడిగా కలపాలి. అక్కడ చెయ్యి బిగిస్తే కోడి తన ఎముకలు కరిగించి పెంకు కడుతుంది. కొన్నాళ్లకు కాళ్లు పడిపోతాయి, పెంకు పలచబడుతుంది. పెంకు గట్టిపడేది ఎక్కువగా రాత్రిపూటే. కనుక సాయంత్రం మేతలో గుల్ల పడితే మేలు.

ఇక షెడ్డు సంగతి. ఎండాకాలం వేడి రేకుల కింద కోడి నోరు తెరిచి రొప్పుతుంది, తిండి మానేస్తుంది. రొప్పేకొద్దీ పెంకు కట్టడానికి కావలసిన బొగ్గుపులుసు వాయువు నెత్తుట్లోంచి పోతుంది. అప్పుడు గుల్ల ఎంత వేసినా పెంకు పలచనే. కప్పుమీద గడ్డి పరిచి తడపడం, గాలి ఆడనివ్వడం, చల్లటి నీళ్లు పెట్టడం యజమాని పెట్టాల్సిన ఖర్చు. ఏరిన గుడ్లను ఆ వేడిలోనే రోజులతరబడి ఉంచితే తెల్లసొన నీళ్లవుతుంది. కోడి ముసలిదైనా గుడ్డు పెద్దదై పెంకు పలచనవుతుంది. ఇందులో కూలీ చేతివాటం ఏముంది?

పచ్చసొన రంగు కూడా మేతదే. పచ్చ మొక్కజొన్న, ఆకు తింటే ముదురుగా ఉంటుంది. నూకలే తింటే పాలిపోతుంది. దాణాలో బంతిపూల పొడి కలిపినా ముదురుతుంది. కనుక రంగు చూసి బలం లెక్కగట్టొద్దు. పెంకు తెలుపా, ఎరుపా అన్నది కోడి జాతిని బట్టి వస్తుంది. బూజుపట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క మాత్రం విషం. కోడి కాలేయం చెడుతుంది, గుడ్లు తగ్గుతాయి. పెరట్లో పది కోళ్లు పెంచుకునే అక్కచెల్లెళ్లు కూడా బూజు గింజ వెయ్యొద్దు.

ఇరుకు కేజీల్లో కోడి రెక్క చాపలేదు. యూరప్ దేశాల కూటమి 2012 నుంచి అలాంటి ఉత్త కేజీలను నిషేధించింది. ఇక్కడ ఆ కేజీల కింద పేరుకున్న పెంట తడిస్తే లేచే ఘాటు కోడి కళ్లనూ ఊపిరినీ తినేస్తుంది. ఆ గాలినే పొద్దస్తమానం పీల్చేది మన కూలీ.

అందుకే అంటున్నాం: చిట్లిన గుడ్డుకు కూలి కోసేముందు దాణా తొట్టి చూడండి, షెడ్డు చూడండి, పెంట ఎప్పుడెత్తారో చూడండి. కూలీలారా! పెంకు పలచనైన రోజు, షెడ్డు కాగిన రోజు ఒక కాగితమ్మీద రాసిపెట్టుకోండి. నలుగురూ కలిసి అడిగేటప్పుడు ఆ లెక్కే మన సాక్ష్యం.