కన్నీటికి చోటున్న స్తుతి గ్రంథము



మన గ్రామ సంఘాలలో ఒక ఇంట మరణం సంభవిస్తే ఆదరణ కూడిక పెట్టుకుంటాము. పాటలు పాడతాము, వాక్యం చెబుతాము. అయితే ఆ ఇంటి తల్లి "దేవా, నాకెందుకిట్లా చేశావు?" అని బిగ్గరగా ఏడిస్తే, ప్రక్కనున్నవారు వెంటనే "అట్లా అనకూడదమ్మా, దేవుని మీద సణగకూడదు, స్తోత్రం చెప్పు" అంటారు. మంచి మనస్సుతోనే అంటారు. కాని ఆ దుఃఖం లోపలే ఉండిపోతుంది. తన ప్రార్థన దేవునికి పనికిరాదేమోనన్న భయం కూడా దానికి తోడవుతుంది. అట్లా మెల్లగా మందిరానికి దూరమయ్యేవారున్నారు. కనుక ఇది చిన్న విషయం కాదు. దేవుని ఎదుట మన బాధను ఉన్నదున్నట్లు చెప్పుకోవడం పాపమా? కీర్తనల గ్రంథమే దీనికి జవాబు చెప్పగలదు.

స్తుతుల పుస్తకంలో మొరలు

హెబ్రీ భాషలో ఈ గ్రంథానికి "తెహిల్లీం" అని పేరు. అనగా స్తుతులు. మనం పలికే "హల్లెలూయ" అనే మాట కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. తెలుగులో "కీర్తన" అనగానే మనకు కీర్తించుటయే గుర్తుకు వస్తుంది. అయితే గ్రంథము తెరచి చూడండి. 150 కీర్తనలను రకములుగా విభజించిన పండితులు, వాటిలో అన్నిటికంటె ఎక్కువగా ఉన్నవి మొర కీర్తనలేనని చెప్పారు. రోగం, అప నింద, శత్రుభయం, ఒంటరితనం, అన్నీ అందులో ఉన్నవి. పూర్వికులు వీటిని తీసివేయలేదు. కన్నీటి ప్రార్థనలను కూడా చేర్చి, ఆ మొత్తానికి "స్తుతులు" అని పేరు పెట్టారు. బాధలో దేవుని వైపు తిరుగుట కూడా ఆయనను ఘనపరచుటయే అని దీని భావం.

పదమూడవ కీర్తన

ఇది ఆరు వచనాల చిన్న కీర్తన. మొదటి రెండు వచనాలలో "ఇంకా ఎన్నాళ్లు" అనే అర్థమిచ్చే హెబ్రీ మాట నాలుగు మార్లు వస్తుంది. దేవుడు తనను మరచినట్లున్నదని, ముఖము దాచుకొన్నట్లున్నదని మొదటి రెండు ప్రశ్నలు. తన హృదయంలోని దుఃఖమును గూర్చి మూడవది. పైచేయిగా ఉన్న శత్రువును గూర్చి నాలుగవది.

ఒకే సంగతి ఇన్నిసార్లు ఎందుకు? తెలుగు పద్యాన్ని యతి, ప్రాస బిగించినట్లు హెబ్రీ కవిత్వాన్ని భావం బిగిస్తుంది. ఒక పాదంలో చెప్పిన తలంపును రెండవ పాదం మరల అందుకొని లోతు చేస్తుంది. ఆక్స్‌ఫర్డులో కవిత్వం బోధించిన రాబర్ట్ లౌత్ 1753లో ప్రచురించిన ఉపన్యాసాలలో ఈ పద్ధతిని విశదపరచాడు. శబ్దాల ప్రాస అనువాదంలో పోతుంది గాని భావాల జోడి పోదు. అందుకే ఆ కీర్తనకారుని గుండె చప్పుడు తెలుగు బైబిలులో కూడా మనకు వినబడుతుంది.

తరువాత 3, 4 వచనాలలో మనవి ఉన్నది. తన వైపు చూడమని, ఉత్తరమిమ్మని, కన్నులకు వెలుగిమ్మని అడుగుతాడు. ఇక్కడ "నా దేవా" అనే పిలుపును గమనించండి. మరచిపోయావని ఎవరిని అడిగాడో ఆయననే "నా" అని పట్టుకున్నాడు. 5, 6 వచనాలలో దేవుని కృపను నమ్మి పాడతానంటాడు. శత్రువు పోయాడని గాని కష్టం తీరిందని గాని ఎక్కడా వ్రాయబడలేదు. పరిస్థితి మారకమునుపే నమ్మిక మాట్లాడినది.

నీళ్లు గొంతు వరకు వచ్చినప్పుడు

మన కృష్ణా జిల్లావారికి 69వ కీర్తనను ఎవరూ వివరించనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇండ్లలోకి నీరు వచ్చినది. ఆ కీర్తన మొదటి వచనంలో నీళ్లు "నెఫెష్" వరకు వచ్చాయని ఉన్నది. ఆ హెబ్రీ మాటకు ప్రాణమనీ అర్థమే, గొంతు అనీ అర్థమే. "ప్రాణం గొంతులోకి వచ్చింది" అనే మనకు ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. అడుగు నిలువని బురద, అరచి అరచి ఎండిన గొంతు, అన్నీ దేవునికే చెప్పుకున్నాడు. చివరకు పాటతో స్తుతిస్తానన్నాడు.

అయితే ప్రతి మొర స్తుతితో ముగియదు. 88వ కీర్తనలో హేమాను రాత్రింబగళ్లు మొరపెడతాడు. హెబ్రీలో దాని ఆఖరి మాట "చీకటి". వెలుగు ఇంకా రానివారి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటు పొందినది.

సణుగుట వేరు, మొర వేరు

"అరణ్యంలో సణిగినవారిని దేవుడు శిక్షించలేదా?" అని కొందరు అడుగుతారు. నిజమే. అయితే వారు దేవునికి వీపు త్రిప్పి ఐగుప్తు వైపు చూచారు, గుడారాలలో తమలో తాము చెప్పుకున్నారు. కీర్తనకారుడు దేవునికి ముఖం త్రిప్పి దేవునితోనే చెప్పాడు. భేదం మాటల ఘాటులో లేదు, ముఖం ఎటున్నదో అందులో ఉన్నది. మన ప్రభువు సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటలను తన ప్రార్థనగా చేసుకున్నాడు. పాపములేని ఆయన నోట వచ్చిన మొర పాపమెట్లవుతుంది?

మనం చేయవలసినది

దుఃఖించువారిని తొందరపెట్టకండి. స్తోత్రం చెప్పించుటకు ముందు వారి ప్రక్కన కూర్చుండి 13వ కీర్తనను నెమ్మదిగా చదవండి. సంఘ పెద్దలు ఆదివారపు ఆరాధనలో స్తుతి కీర్తనలతోపాటు నెలకొక మొర కీర్తననైనా చదివించాలి. కుటుంబ ప్రార్థనలో ఈ నెల 13, 42, 69, 88 కీర్తనలను వారానికి ఒకటి చొప్పున తీసుకోండి. చదివిన తరువాత ఇంటిలో ప్రతివారు, పిల్లలు సహా, తమ మనస్సులోని బరువును ఒక్క మాటలో దేవునికి చెప్పాలి. పంట పోయిన బాధైనా, అప్పు భారమైనా, పరీక్ష తప్పిన సిగ్గైనా సరే. ఎవరూ సరిదిద్దకుండా అందరూ "ఆమేన్" అనండి.

మన కన్నీళ్లను ఎరిగిన తండ్రి మీ కుటుంబాలను ఆదరించును గాక. ఆమేన్.