ఫ్రిజ్ తలుపు మీద చుక్కల వెలుగు

హైదరాబాద్‌లో ఒక తరానికి ఫ్రిజ్ అంటే ఆల్విన్. నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో పెట్టిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, చేతి గడియారాలూ చేసింది. తొంభైల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. బౌద్ధనగర్, వారాసిగూడ, సీతాఫల్‌మండి వీధుల్లోని అద్దె పోర్షన్లలో ఫ్రిజ్ తరచూ ముందుగదిలోనే ఉంటుంది. దాని తలుపు ఇంటిల్లిపాదికీ నోటీసు బోర్డు. పాల లెక్క, కరెంటు బిల్లు, పిల్లల టైంటేబుల్, అన్నీ అక్కడే. ఆ తలుపుకి ఒక దీపం అతికించవచ్చన్న ఆలోచన చిన్నదే కానీ, దాని వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది.

దానికి కావలసినవి మూడే వస్తువులు: ఒక ఎల్ఈడీ, ఒక బటన్ సెల్, ఒక అయస్కాంతం. కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో వెతికితే దొరుకుతాయి. ఎల్ఈడీకి ఉన్న రెండు కాళ్లలో పొడుగుది ప్లస్, పొట్టిది మైనస్. సెల్‌ను ఆ రెంటి మధ్య ఇరికించాలి, ప్లస్ గుర్తున్న వైపు పొడుగు కాలు ఉండేలా. వెంటనే వెలుగుతుంది. తిరగేసి పెడితే వెలగదు. ఎల్ఈడీ లాంటి డయోడ్ కరెంటును ఒక దిక్కుకే పోనిస్తుందని పదో తరగతి పిల్లకు బోర్డు మీద గంటసేపు చెప్పడం కన్నా, సెల్‌ను ఒక్కసారి తిప్పి పెట్టమనడం మేలు. తర్వాత అయస్కాంతాన్ని ప్లస్ వైపు ఆనించి, మొత్తాన్ని టేపుతో గట్టిగా చుట్టేస్తే పని పూర్తయింది. సెల్ మీద సోల్డరింగ్ మాత్రం చేయకూడదు, వేడికి పగలవచ్చు.

ఈ మూడింటినీ ఇలా కలిపి లోకానికి పరిచయం చేసినవారు న్యూయార్క్‌లో గ్రాఫిటీ రీసెర్చ్ ల్యాబ్ నడిపిన జేమ్స్ పౌడర్లీ, ఇవాన్ రోత్. 2006లో వాళ్లు వీటిని గుప్పిళ్లతో విసిరి, వీధుల్లో ఉక్కు కనబడ్డ చోటల్లా దీపాలు అతికించారు. తయారీ విధానాన్ని ఎవరైనా చేసుకోమని బయటపెట్టేశారు. నాకు అందులో నచ్చేది ఆ ఉదారతే. వీధిలో వదిలేసిన సెల్‌లు చెత్తవుతాయన్న విమర్శ వచ్చింది, అది న్యాయమైనదే. ఫ్రిజ్ తలుపు మీద ఆ ఇబ్బంది లేదు, వస్తువు మన కళ్లముందే ఉంటుంది.

ఈ మూడు వస్తువుల్లో పెద్ద కథ ఎల్ఈడీది. 1907లో హెన్రీ రౌండ్ సిలికాన్ కార్బైడ్ స్ఫటికానికి కరెంటు పెడితే అది మెరవడం చూశాడు. ఇరవైల్లో రష్యాలో ఒలెగ్ లోసెవ్ అదే మెరుపు వెంట పడి దాని గుణాలు రాసిపెట్టాడు. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎర్ర వెలుగు ఇచ్చే డయోడ్ చేశాడు. పసుపుపచ్చ, ఆకుపచ్చ వచ్చాయి. నీలం దగ్గర మాత్రం బండి దశాబ్దాలు ఆగిపోయింది, ఎందుకంటే గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని పగుళ్లు లేకుండా పెంచడం ఎవరికీ చేతకాలేదు. నగోయాలో అకసాకి, అమానో 1986లో దాన్ని సాధించారు. 1993లో నిచియా కంపెనీలో షుజీ నకమూరా మంచి ప్రకాశమున్న నీలం దీపం తెచ్చాడు. నీలానికి పసుపు ఫాస్ఫర్ పూత కలిస్తే తెలుపు. ఇంట్లో ఇవాళ వెలిగే ఎల్ఈడీ బల్బులు చాలావరకు ఈ దారినే వచ్చాయి. అకసాకి, అమానో, నకమూరా ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

రంగుల మధ్య ఈ తేడా ఫ్రిజ్ తలుపు మీద కూడా తెలుస్తుంది. ఎరుపుకి రెండు వోల్టుల లోపే చాలు. నీలానికీ తెలుపుకీ మూడు కావాలి. సెల్ ఇచ్చేదే మూడు. అందువల్ల సెల్ నీరసించగానే నీలం మసకబారుతుంది, ఎరుపు ఇంకా వెలుగుతూనే ఉంటుంది. దుకాణంలో అడిగే సీఆర్ 2032 అన్న పేరులోనే దాని కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. అందులో దాచుకున్న శక్తితో 9 వాట్ల బల్బు నాలుగైదు నిమిషాలకు మించి వెలగదు. అదే శక్తితో చిన్న ఎల్ఈడీ రోజుల తరబడి వెలుగుతుంది.

ఇక అయస్కాంతం. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన రకాన్ని ఎనభైల తొలినాళ్లలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన జాన్ క్రోట్ విడివిడిగా కనిపెట్టారు. దాని బలమంతా స్ఫటికం అమరికలో ఉంది, అయస్కాంతత్వం ఒకే దిక్కుకు కట్టుబడి ఉంటుంది. స్ఫటికాల సౌష్ఠవానికీ భౌతిక గుణాలకీ ఉన్న సంబంధం మీద జీవితమంతా పనిచేసిన సూరి భగవంతం, మన పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు. తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచే విద్యార్థుల్లో ఎందరికి ఆ సంగతి తెలుసో. నియోడిమియం ఉన్న మోనజైట్ ఇసుక మన భీమిలి తీరంలోనే ఉంది. విశాఖలో 2023 మే 11న జాతికి అంకితమైన అరుదైన లోహాల అయస్కాంతాల కర్మాగారం మాత్రం మరో రకం, సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాలు చేస్తుంది.

అన్ని ఫ్రిజ్ తలుపులూ మన దీపపు అయస్కాంతాన్ని పట్టుకోవు. గాజు తలుపుకి, కొన్ని స్టెయిన్‌లెస్ స్టీల్ తలుపులకి అంటుకోదు. రంగు వేసిన పాత ఉక్కు రేకు తలుపైతే అత్యుత్తమం. సంక్రాంతికి ఈ దీపాలను ఐదు చుక్కల ముగ్గు లెక్కన అమర్చి గదిలో లైటు తీసేస్తే చిన్నపిల్లలు అక్కడే నిలబడిపోతారు.

ఆ పిల్లల గురించే ఒక మాట చెప్పాలి. పాతకాలపు ఫ్రిజ్‌లకు బయట గొళ్లెం ఉండేది. ఆడుకుంటూ లోపలికి దూరిన పిల్లలు బయటికి రాలేక చనిపోతుంటే, లోపలి నుంచి తోసినా తెరుచుకునే తలుపులే ఉండాలని 1956లో అమెరికా చట్టం చేసింది. తలుపు అంచు రబ్బరులో అయస్కాంతపు పట్టీ అందుకు బాగా అక్కరకొచ్చింది. మనం చేసే బొమ్మలో కూడా రెండు ప్రమాదాలున్నాయి. ఈ సెల్ మింగితే ఆహారనాళంలో ఇరుక్కుని, కరెంటు వల్ల పుట్టే క్షారం రెండు గంటల్లోనే గొంతు లోపల కాల్చేయగలదు. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల గోడలను మధ్యలో నొక్కి చిల్లులు పెట్టగలవు. అందుకని టేపు ఊడకుండా చుట్టండి, వీలైతే స్క్రూతో మూసే చిన్న డబ్బాలో బిగించండి, పసిపిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి, అయిపోయిన సెల్‌లను టేపు చుట్టి ఈ-వేస్ట్ సేకరణకు ఇవ్వండి. మింగారన్న అనుమానం వచ్చినా సరే, ఆలస్యం చేయకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.