ప్రొద్దుటూరు బండి పులివెందుల దిక్కున ఎందుకు కనబడింది?

బండి ప్రొద్దుటూరులోనే నిలబడి ఉంది. తెర మీది చుక్క మాత్రం పులివెందులకు తూర్పున పదకొండు పన్నెండు కిలోమీటర్ల దూరంలో వెలుగుతోంది. జమ్మలమడుగు బండిని చూడబోతే అదీ పులివెందుల పక్కనే, ఉత్తరాన పది కిలోమీటర్లలో తేలుతుంది. బండి ఎక్కడుందో కబురు పంపే జీపీఎస్ మోడెమ్‌ను తొలిసారి బిగించేవాళ్లు ఎదుర్కొనే చిక్కు ఇది. పెట్టె చెడిపోలేదు. దాని మాట మనకు అర్థం కాలేదు, అంతే.

ఈ పెట్టెది రెండు పుట్టుకల కథ. 1981లో అమెరికాలో హేస్ స్మార్ట్‌మోడెమ్ వచ్చింది. దానికి ఏ ఆజ్ఞ ఇవ్వాలన్నా ముందు ‘ఏటీ’ అని కొట్టాలి, ఇలా చూడు అని పిలిచినట్టు. నేటి 4జీ మోడెమ్ కూడా ఆ పిలుపుకే ‘ఓకే’ అని పలుకుతుంది. నలభై ఏళ్లు దాటినా ఆ మర్యాద మారకపోవడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. రెండో పుట్టుక ఆకాశానిది. 1978లో తొలి జీపీఎస్ ఉపగ్రహం ఎగిరింది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి చోటు చెప్పే మన సొంత ఉపగ్రహాల వరుస నావిక్‌లో మొదటిది వెళ్లింది. 2019 నుంచి కొత్త బస్సులకు, ట్యాక్సీలకు ట్రాకింగ్ పెట్టె ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది.

బిగించే పని పెద్దదేం కాదు. సిమ్ వేసి, ఆ సిమ్ కంపెనీ ఏపీఎన్ (ఇంటర్నెట్‌కు కలిపే దారి పేరు), సర్వర్ చిరునామా, పోర్టు నంబరు, ఎన్ని సెకన్లకోసారి కబురు పంపాలో రాయాలి. యాంటెనాకు ఆకాశం కనబడాలి. ఇనుప టాపు కింద దాస్తే పెట్టె పంపే వరుసలో ‘వీ’ అనే అక్షరమే వస్తుంటుంది, అంటే చోటు ఇంకా తేలలేదని. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే అది ‘ఏ’గా మారుతుంది.

అప్పుడు ప్రొద్దుటూరులో సుమారుగా ఇలా వస్తుంది: 1445.00 ఉత్తరం, 07833.00 తూర్పు. చూడగానే 14.45, 78.33 అని రాసుకుంటాం. తప్పంతా అక్కడే. పెట్టె పంపే ఈ వరుసల భాషను 1983లో పడవల పరికరాల కోసం కూర్చారు. నావికుల లెక్క డిగ్రీలు, నిమిషాలు. కాబట్టి ఇది 14 డిగ్రీల 45 నిమిషాలు. పంచాంగం చూసేవాళ్లకు ఇది కొత్త కాదు: ఘడియకు అరవై విఘడియలు, మూడు ఘడియల నలభై ఐదు విఘడియలంటే మూడుంముప్పావు ఘడియలు. ఇక్కడా 45ను అరవైతో భాగిస్తే 0.75. అక్షాంశం 14.75, రేఖాంశం 78.55. చుక్క నలభై కిలోమీటర్లు దాటి ప్రొద్దుటూరుకు వచ్చేస్తుంది.

వేగం కూడా సముద్రం లెక్కే, నాట్లలో. కిలోమీటర్లు కావాలంటే 1.852తో గుణించాలి. గడియారం గ్రీనిచ్‌ది, దానికి ఐదున్నర గంటలు కలపాలి. ఇవన్నీ సరిచేశాక పులివెందుల బండినీ ఒకసారి చూడాలి. నిమిషాల లెక్క తప్పితే అది కదిరి దిక్కున కనబడుతుంది.